ఓడ గడప దగ్గర ఆగిన పెట్టె

నెల్లూరు ఆటోనగర్‌లో మాకు ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. తీరం వెంబడి ఉన్న రొయ్యల హేచరీలకు, అంటే రొయ్య పిల్లలను పొదిగించి పెంచే కేంద్రాలకు, తొట్టెల్లోకి గాలి ఊదే బ్లోయర్లు బిగించడం, గాలి పైపుల లైన్లు వేయడం, కాలిపోయిన మోటార్లను బాగు చేయడం ఇరవై ఏళ్లుగా మా బతుకుతెరువు. హేచరీలో పని చేసినవాడికి ఎవరూ నేర్పకుండానే రెండు సంగతులు ఒంటబడతాయి. కరెంటు పోయి బ్లోయరు ఆగితే తొట్టెలోని రొయ్య పిల్లకు ఊపిరి అందక చావు మొదలవుతుంది. ఒక తొట్టెకు వచ్చిన జబ్బు పక్క తొట్టెకు పాకితే ఆ సీజన్ మీద ఆశ వదులుకోవలసిందే. అంటురోగం వచ్చిన మనిషిని ఓడలో విడిగా ఉంచడానికి, అక్కడి నుంచి ఒడ్డుకు చేర్చడానికి ఒక పరికరం తయారు చేయవలసి వచ్చినప్పుడు నా దగ్గర ఉన్న పెట్టుబడి ఈ రెండు భయాలే. వైద్య పరికరాల గురించి అంతకుముందు నాకు ఓనమాలు కూడా తెలియవు.

పని మొదలైంది ఓడ కోసం కాదు. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో విడత ఊపందుకున్నప్పుడు, మా వీధిలోనే ఉండే, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు గారు అంబులెన్సులో రోగి తల మీద బోర్లించే పెట్టె ఒకటి చేసి పెట్టమని అడిగారు. అక్రిలిక్ రేకులతో ఒక్క రోజులో చేసి ఇచ్చాను. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలి గాలిని లాగి వడకట్టే ఏర్పాటు లేకపోతే ఇది ఉత్త అద్దాల పెట్టేనని, అటువంటి వాటికి ఇచ్చిన అత్యవసర అనుమతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఆగస్టులోనే వెనక్కు తీసుకుందని చెప్పారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. గాలిని లాగడం నా పనే గదా, అది లేకుండా ఎలా చేసి ఇచ్చానా అని సిగ్గుపడ్డాను.

అప్పటికే ఈ పని మన దేశంలో జరిగి ఉంది. కొచ్చిలోని నౌకాదళ విమాన యార్డు వారు 2020లోనే అల్యూమినియం చట్రంతో, పారదర్శకమైన పెర్‌స్పెక్స్ కప్పుతో విమానంలో రోగిని తరలించే మూసిన పెట్టె (పాడ్) ఒకదాన్ని తయారు చేశారు. బరువు 32 కిలోలు, ఖర్చు 50 వేల రూపాయలు అని పత్రికల్లో చదివాను. విదేశం నుంచి తెప్పిస్తే అటువంటిది 59 లక్షల దాకా అవుతుందట. ఆ ఫొటోను డాక్టరు గారికి చూపిస్తున్నప్పుడు పక్కన ఆయన మేనమామ ఉన్నారు. సరుకు ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరై కావలిలో స్థిరపడిన మనిషి. ఆయన ఫొటో చూసి, “విమానం దాకా ఎందుకు నాయనా, కృష్ణపట్నంలో లంగరేసిన ఓడలో ఒకడికి జ్వరమొస్తే వాణ్ణి కేబిన్‌లోనించి కిందికి దించేదానికి ఏముండాదో చెప్పు” అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మాకు చీఫ్ గారు, మా పనికి కూడా చీఫ్ గారే.

ఓడల గురించి నాకు ఆయన చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేదు. సరుకు ఓడలో ఇరవై, ఇరవై అయిదు మంది ఉంటారు. వారిలో డాక్టరు ఉండడు. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం, వంద మందికి తక్కువ కాకుండా మనుషులతో మూడు రోజులకు మించి అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలోనే డాక్టరు ఉండి తీరాలి. పదిహేను మందికి తక్కువ కాకుండా ఉండి మూడు రోజులకు మించి సాగే ఓడలో రోగుల కోసం ఒక విడి గది ఉంటే సరిపోతుంది. మందుల పెట్టె తాళం సాధారణంగా సెకండ్ ఆఫీసరు దగ్గర ఉంటుంది. ఆయన రేడియోలో ఒడ్డున ఉన్న వైద్యుడిని అడుగుతూ చికిత్స చేస్తాడు. మనుషులందరూ ఒకే వంటగది తిండి తింటారు, ఒకే మెట్ల మీద తిరుగుతారు, ఏసీ యంత్రం తిరిగి తిరిగి పంపే గాలినే చాలావరకు పీలుస్తారు. 2020 ఫిబ్రవరిలో యోకొహామా దగ్గర ఆగిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మందిలో 712 మందికి కరోనా సోకిన సంగతి అందరికీ తెలిసిందే. అది విలాసాల ఓడ కాబట్టి లోకమంతా చూసింది. బొగ్గు తెచ్చే ఓడలో నలుగురికి సోకితే ఎవరికీ తెలియదు, కాని ఇంజను గదిలో వంతులు వేయడానికి మనుషులు చాలరు.

ఇక లెక్కలు. ఇక్కడే మొదట ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇవి హేచరీ లెక్కల లాంటివే. గాలి ద్వారా వ్యాపించే రోగాలకు ఆస్పత్రి గదిలో గంటకు పన్నెండుసార్లు గాలి పూర్తిగా మారాలి, బయటికంటే లోపల పీడనం కనీసం 2.5 పాస్కల్స్ తక్కువగా ఉండాలి, బయటికి వదిలే గాలి హెపా ఫిల్టరు గుండా పోవాలి. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని ఆపగలిగేది. గంటకు పన్నెండు మార్పులు ఉంటే గాలిలో ఉన్న కణాలలో 99 శాతం బయటికి పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. ఆరు మార్పులే అయితే 46 నిమిషాలు. పెట్టెకు బదులు రోగి చుట్టూ కప్పి గాలిని లాగేలా మేము అనుకున్న గుడారం ఒక మనిషి పడుకునేది, సుమారు 750 లీటర్లు. దానికి నిమిషానికి 150 లీటర్లు లాగితే లెక్క సరిపోతుంది. హేచరీ బ్లోయర్ల పక్కన పెడితే అది దోమ రెక్క విసిరినంత గాలి. అందుచేత నేను చాలా తేలికగా తీసుకున్నాను, అదే నా మొదటి పొరపాటు.

గాలిని లాగడం తేలికే. లాగుతున్నదని నిరూపించడం కష్టం. 2.5 పాస్కల్స్ అంటే నీటి గొట్టంలో పావు మిల్లీమీటరు తేడా. కంటికి ఆనదు. కొనుక్కునే మీటర్ల ధర విని, మా పాత పద్ధతిలో సన్నని గాజు గొట్టాన్ని ఇరవైకి ఒకటి వాలులో పడుకోబెట్టి రంగు నీళ్లు పోశాను. అప్పుడు ఆ పావు మిల్లీమీటరు అయిదు మిల్లీమీటర్లై కనిపించింది. కుట్ల దగ్గర, జిప్పు దగ్గర అగరుబత్తి పట్టుకుని పొగ లోపలికి పోతున్నదా బయటికి వస్తున్నదా అని చూసేవాళ్లం. వర్క్‌షాపంతా పూజగదిలా సువాసన కొట్టేది. కుర్రాళ్లు నవ్వుకునేవారు గాని, పొగకు మించిన ఇన్‌స్పెక్టరు లేడు.

గుడారం చట్రానికి మొదట కరెంటు వైరింగు పైపులు వంచి వాడాను. పైన మందపాటి పారదర్శక పీవీసీ షీటు. దాన్ని కుట్టడానికి బస్సు సీట్లకు రెగ్జిన్ కుట్టే మేస్త్రి దగ్గరకు పోయాను. ఆయన కుట్టు చూడముచ్చటగా ఉంది. కాని సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రమే గదా, అగరుబత్తి పొగ వందల చోట్ల లోపలికి దూరుతూ కనిపించింది. పొగ లోపలికే పోతున్నది గనుక నష్టమేమిటని నేను వాదించాను. ఫ్యాను ఆగిన క్షణాన అదే రంధ్రాల గుండా బయటికి వస్తుందని డాక్టరు గారు అన్నారు. చివరికి రొయ్యల చెరువులకు పరిచే షీట్లను వేడిగాలితో అతికించే కుర్రవాణ్ణి పిలిపించాను. అతడు గన్ను పట్టుకుని, ఒక వేలితో రోలరు తోస్తూ, రెండు షీట్లను ఒకటి చేసి ఇచ్చాడు. ఈ పనిలో నాకు దొరికిన మేలైన సహాయం అదే. ఫిల్టర్లు, బ్యాటరీ సర్క్యూట్ల కోసం చెన్నైకి, అక్కడ ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీటుకు ఎన్నిసార్లు తిరిగానో లెక్క పెట్టలేదు.

మే నెలలో కృష్ణపట్నం పేరు దేశమంతా మారుమోగింది, అయితే రేవు వల్ల కాదు, కరోనాకంటూ ఆనందయ్య గారు పంచిన నాటుమందు వల్ల. ముత్తుకూరు రోడ్డు నిండా వాహనాలే. ఆ రోజుల్లోనే, రోహిణి కార్తె ఎండలో, మా గుడారంలో నేనే పడుకుని చూశాను. చేతిలో కార్బన్ డయాక్సైడు మీటరు, బయట డాక్టరు గారు. నిమిషానికి మూడు వందల లీటర్ల చొప్పున లాగుతుండగా లోపల పదకొండు వందల పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) దగ్గర నిలిచింది, ఇబ్బందేమీ లేదు. అప్పుడు ముందుగా అనుకున్న ప్రకారం ఫ్యాను ఆపారు. పడుకున్న మనిషి నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడు వదులుతాడని కాగితం మీద నాకు తెలుసు. పదిహేనో నిమిషానికి మీటరు 5,000 దాటింది, అంటే పనిచేసే చోట ఎనిమిది గంటలకు అనుమతించే హద్దు. ప్రాణం పోయేంత కాదు. కాని ఒళ్లంతా చెమట, షీటు మీద ఆవిరి, బయట మాట్లాడుతున్నది వినపడక, జిప్పు బయటివైపు మాత్రమే ఉండటం వల్ల తీసుకోవడానికి వీలులేక, నాకు గుండె దడ మొదలైంది. తొట్టెలో పిల్ల ఎట్లా కొట్టుకుంటుందో ఆ పదిహేను నిమిషాల్లో తెలిసివచ్చింది.

ఆ సాయంత్రం జిప్పు గురించి ముగ్గురికీ వాదన జరిగింది. రోగి లోపలి నుంచి తీయగలిగితే అయోమయంలో ఉన్నవాడు తీసేస్తాడని, మోసేవారికి అంటుకుంటుందని డాక్టరు గారి వాదం. చీఫ్ గారు, ఓడ నుంచి దిగే మెట్ల వంతెనను తలచుకుని, ఒక్కటే అడిగారు: “గ్యాంగ్‌వే మీద మోసేవాళ్లు కాలు జారి పెట్టె నీళ్లలో పడితే?” ఆ ప్రశ్నకు సమాధానం లేదు. ముఖం దగ్గర లోపలి నుంచి లాగితే ఊడివచ్చే పట్టీ పెట్టాము. అంటురోగం వస్తే చికిత్స ఉంటుంది, మూసిన సంచిలో నీళ్లలో పడితే ఉండదని నా అభిప్రాయం. ఈ విషయంలో డాక్టరు గారు ఇప్పటికీ నాతో పూర్తిగా ఏకీభవించరు. దానితో పాటు ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఫ్యాన్లు, రెండు బ్యాటరీలు పెట్టి, ఏ ఒక్కటి ఆగినా కూత పెట్టేలా అలారం బిగించాను. హేచరీలో స్టాండ్‌బై బ్లోయరు లేకుండా ఎవరూ సీడు వేయరు. మొదటి రోజే ఆ ఆలోచన రాకపోవడం నా తప్పు.

2022 ఫిబ్రవరిలో ఒక షిప్పింగ్ ఏజెంటు ద్వారా, బొగ్గు దింపుతున్న ఒక ఓడలో పరీక్షించే అవకాశం వచ్చింది. అప్పటికి పైపుల చట్రం తీసేసి స్టీలు చట్రం వేశాను, కింద నాలుగు చక్రాలు, పక్కన ప్లగ్గు పెట్టి ఇంటి కరెంటుతో (ఏసీ) తిరిగే చిన్న బ్లోయరు, మొత్తం 41 కిలోలు. ఆస్పత్రి వరండాలో పిల్లల బండిలా పరుగెత్తేది. ఓడ మీద అది మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అలలు లోపలికి రాకుండా ఓడ తలుపులకు మోకాలి ఎత్తున ఉక్కు గడప ఉంటుంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారమే 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మన ఇళ్లలో పసుపు రాసి బొట్లు పెట్టే గడప లాంటిది కాదు, నడుము వంచి కాలు ఎత్తి దాటవలసిన గోడ. చక్రాలు ఎందుకూ పనికిరాలేదు సరికదా, ఎత్తేటప్పుడు పట్టుకోవడానికి చెయ్యి దూరకుండా అడ్డు వచ్చాయి.

గడప దాటించాక నడవ మలుపు. నడవలో పెట్టె పడుతుంది, మలుపులో తిరగదు. రెండు మీటర్ల పొడవున్న గట్టి వస్తువును ఆ మూల తిప్పాలంటే నిలబెట్టాలి. తరువాత మెట్లు, మెట్లనడం కంటే నిచ్చెన అనడం న్యాయం, అంత నిటారుగా ఉంటాయి. లోపల డెబ్బై కిలోల ఇసుక బొమ్మను పెట్టి దించుతుంటే, అది కాళ్లవైపు జారిపోయి, మెడ దగ్గర పట్టీ బిగుసుకుంది. మనిషైతే ఏమయ్యేదో అక్కడున్న ఎవరూ పైకి అనలేదు. డెక్కు పనివాళ్ల పెద్ద, బోసన్ అంటారు, లోపలికి పోయి వెదురు బద్దలు, కాన్వాసుతో చేసిన ఓడ స్ట్రెచరును తెచ్చి చూపించాడు. నీల్ రాబర్ట్‌సన్ స్ట్రెచరు అంటారు, వందేళ్లకు పైబడిన తయారీ. మనిషిని చాపలో చుట్టినట్టు చుట్టి, నిలువునా తాళ్లతో దించవచ్చు. దాన్ని చూశాక నా స్టీలు చట్రం వైపు చూడబుద్ధి కాలేదు.

కష్టాలు అక్కడితో ఆగలేదు. రోగి గదిలో పెట్టి బ్లోయరు ప్లగ్గు పెట్టాము. ఒడ్డున మన కరెంటు 50 హెర్ట్జ్. ఓడల్లో ఎక్కువగా 60 హెర్ట్జ్. మోటారు అయిదోవంతు వేగంగా తిరిగింది, లాగే పీడనం వేగానికి వర్గంలో పెరుగుతుంది గనుక దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది, గుడారం షీటు వంగి బొమ్మ ముక్కుకు తగిలింది. సరిగ్గా అప్పుడే ఇంజను గది నుంచి ఫోను వచ్చింది: ఎక్కడో కరెంటు ఓడ ఉక్కులోకి కారుతున్నట్టు (ఎర్తు లీకు) చూపిస్తున్నదని, రోగి గదిలో ఏం పెట్టారని. చీఫ్ గారు తల పట్టుకున్నారు. “ఓడలో న్యూట్రల్‌ని భూమికి కలపరు నాయనా. రెండు తీగల్లోనూ కరెంటే. నీ మోటారు చుట్టలో రవ్వంత తడి ఉన్నా బోర్డు మీద తెలిసిపోతాది” అన్నారు. ఒడ్డు మీద నెలల తరబడి నోరెత్తకుండా తిరిగిన మోటారు, ఓడ ఎక్కిన పావుగంటలో తన లోపాన్ని బయటపెట్టుకుంది. సెకండ్ ఆఫీసరు మర్యాదస్థుడు. టీ ఇచ్చి, ఏమీ అనకుండా మమ్మల్ని గ్యాంగ్‌వే దాకా సాగనంపాడు.

తిరుగుదారిలో ముత్తుకూరు దాటేదాకా ఎవరం మాట్లాడలేదు. ఆ తరువాత చీఫ్ గారు చెప్పిన మాట మీదనే రెండో నమూనా నిలబడింది: ఓడలో లేనిదాన్ని ఓడలోకి తేవద్దు, ఓడలో ఉన్నదానికి తోడుగా చెయ్యి. కాబట్టి చట్రం తీసేశాను. ఓడ స్ట్రెచరు మీదనే తొడిగే గుడారం, దానికి గుడారాల దుకాణంలో దొరికే ఫైబరు గ్లాసు బద్దలు, మడిస్తే భుజాన వేసుకునే సంచి. ఏసీ మోటారు పూర్తిగా మానేసి 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు పెట్టాను. 20 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ ఒక్కొక్క ఫ్యానును ఎనిమిది గంటలకు తగ్గకుండా తిప్పింది. చార్జరు మాత్రమే ఓడ కరెంటును ముట్టుకుంటుంది, అది 50 అయినా 60 అయినా పట్టించుకోదు. కాళ్ల కింద ఆసరా పట్టీ, తొడల చుట్టూ పట్టీలు కలిపి, నిలువునా దించినా బరువు మెడ మీద పడకుండా చేశాము. స్ట్రెచరు కాక మొత్తం 19 కిలోలు.

దీన్ని కదిలే నీటి మీద చూడాలని, కృష్ణపట్నం వాడరేవులోని ఒక మరపడవ యజమానిని బతిమాలాను. కండలేరు సముద్రంలో కలిసే మొగ దాటి బయటికి పోయాక పడవ ఊగడం మొదలుపెట్టింది. నాకెంతో ఇష్టమైన వాలు గాజు గొట్టం ఆ నిమిషంలోనే చచ్చిపోయింది. పడవ ఇటు వంగితే నీళ్లు ఇటు, అటు వంగితే అటు. వాలు మీద బతికే పరికరం వాలే చోట పనికిరాదన్నది సముద్రం దాకా పోయి తెలుసుకోవలసిన సంగతి కాదు, అయినా నేను అక్కడికి పోయే తెలుసుకున్నాను. తరువాత నీళ్లతో పని లేకుండా పలచని పొర కదలికతో పీడనం చూపే డయాఫ్రమ్ గేజీ కొన్నాను. దానికంటే నమ్మకమైన గుర్తు మరొకటి దొరికింది: పదిహేను పాస్కల్స్ దగ్గర చదరపు మీటరు షీటు మీద దాదాపు కిలోన్నర బరువు పెట్టినంత ఒత్తిడి పడుతుంది, షీటు బద్దల మధ్య లోపలికి గుంట పడుతుంది. గుంట ఉన్నంతసేపు గాలి లోపలికే. చదువురాని డెక్కు కుర్రవాడు కూడా చూసి చెప్పగలడు. ఆ గుంట ముఖం మీదికి రాకుండా తల దగ్గర బద్దలను దగ్గరగా వేశాను.

ఆ రోజు లోపల పడుకున్నది పడవ యజమాని తమ్ముడు. పుట్టినప్పటి నుంచి సముద్రం మీద తిరిగినవాడు, వాంతి అంటే ఏమిటో ఎరగడు. వెల్లకిల పడుకుని, ఆకాశం తప్ప ఏమీ కనిపించక, అరగంటలో వాంతి చేసుకున్నాడు. వెంటనే పట్టీ లాగి ముఖం బయటపెట్టాము, అతడు ఉమ్మేసి నవ్వాడు, “లోపల గాలాడతా ఉండాది సార్, సముద్రమే కనపడలా” అన్నాడు. మేము మాత్రం నవ్వలేదు. వెల్లకిల కట్టేసిన రోగికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టరు గారు ఒడ్డుకు వచ్చేదాకా ఒక్కమాట మాట్లాడకుండా కూర్చుని, దిగగానే మూడు మార్పులు చెప్పారు: పక్కకు తిప్పడానికి చోటు ఉండేలా గుడారం ఎత్తు పెంచాలి, భుజాల దగ్గర రెండు వైపులా చేతి తొడుగులు అతికించాలి, లోపల పీల్చివేసే గొట్టానికి రబ్బరు మూతతో ఒక దారి పెట్టాలి. కళ్ల ఎదుట బయటి దృశ్యం కనిపించేలా పక్క షీటులో మడతలు రాకుండా చూడాలన్నది నాలుగోది, అది పడవ కుర్రవాడి సలహా. అన్నింటిలోకీ అదే తక్కువ ఖర్చు, వాంతులను తగ్గించినది కూడా అదే.

శుభ్రం చేయడం గురించి ఎక్కువ చెప్పను. హేచరీలో బ్లీచింగు వాడకం మాకు చేతివేళ్ల మీద ఉంటుంది. 0.1 శాతం హైపోక్లోరైటు ద్రావణంతో తుడిచి, రక్తం, వాంతి పడిన చోట 0.5 శాతం వాడి, పది నిమిషాల తరువాత మంచినీళ్లతో కడగాలి. కడగకపోతే లోహపు జిప్పు తినేస్తుంది. సముద్రపు ఉప్పు దానికి తోడు. లోహపు జిప్పులు తీసేసి ప్లాస్టిక్‌వి వేశాము.

ఇంతా చేశాక, గుడారం రోగిని తరలించే గంటసేపటికే గాని, రోజుల తరబడి అందులో ఉంచలేమని స్పష్టమైంది. అసలు రోగి ఉండేది కేబిన్‌లో. అక్కడి గాలి సంగతేమిటి? మళ్లీ ఏజెంటును పట్టుకుని మరో ఓడ ఎక్కాము. కేబిన్‌లోకి ఏసీ గాలి పైనుంచి వస్తుంది, తలుపు కింది సందులోంచి నడవలోకి పోతుంది, అక్కడి నుంచి యంత్రానికి తిరిగి చేరుతుంది. అంటే రోగి గది తన గాలిని నడవలోకి ఊదుతూ ఉంటుంది. అగరుబత్తి పొగ తలుపు కిందినుంచి బయటికి సాగిపోవడం చూసి నాకు ఒళ్లు జలదరించింది. అప్పుడు చీఫ్ గారు కుర్చీ ఎక్కి ఏసీ గాలి వచ్చే రంధ్రాన్ని ప్లాస్టిక్ షీటుతో, టేపుతో మూసేసి, బాత్‌రూము తలుపు తెరిచారు. ఓడ బాత్‌రూములలో గాలిని బయటికి లాగే ఏర్పాటు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. క్షణంలో పొగ తిరిగింది. నడవలోంచి గదిలోకి, గదిలోంచి బాత్‌రూములోకి. ఏడాదిన్నర నేను ఫ్యాన్లతో కుస్తీ పట్టింది ఓడలో ఒక షీటు ముక్కతో అయిపోయింది. ఏసీ మూస్తే గది ఉక్కపోస్తుంది గనుక, గది లోపలి గాలినే వడకట్టి తిప్పే హెపా పెట్టె ఒకటి, ఒక టేబులు ఫ్యాను, తలుపు బయట చేతులు కడుక్కునే సామాను, తొడుగులు, ఆంగ్లంలోనూ హిందీలోనూ బొమ్మలతో ఒక సూచనల అట్ట కలిపి, గుడారానికి జతగా రెండో సంచి తయారు చేశాము. ఈ రెండో సంచి ఆలోచనే మాకు మొదట లేదు.

అమ్మకం మాట అడిగేవారు చాలామంది. వైద్య పరికరాల నిబంధనల కింద ప్రమాదం తక్కువగా ఉండే ఏ, బీ తరగతుల పరికరాలకు 2022 అక్టోబరు 1 నుంచి లైసెన్సు వ్యవస్థ అమలులోకి వచ్చింది. పరీక్షల నివేదికలు, నాణ్యత వ్యవస్థ కాగితాలు, వీటి ఖర్చు మా వర్క్‌షాపు ఏడాది ఆదాయాన్ని మించింది. ఒక పెద్ద కంపెనీవారు వచ్చి, నమూనా తీసుకుని, మూడు నెలలు ఫోన్లలో తిప్పి, చివరికి జవాబివ్వడం మానేశారు. నమూనా కూడా తిరిగి రాలేదు. అందుచేత గుడారాన్ని మేము అమ్మలేదు. రెండు సెట్లను ఏజెంటు గోదాములో, శిక్షణ కోసం, అవసరానికి వాడుకునేందుకు ఉంచాము.

అవసరం 2023 మార్చిలో వచ్చింది, కరోనాతో కాదు. లంగరు వేసి రేవులో చోటు కోసం ఎదురు చూస్తున్న ఒక ఓడలో కుర్ర నావికుడు ఒకరికి జ్వరం వచ్చి ఒంటి మీద నీటి పొక్కులు లేచాయి. ఆటలమ్మ. గాలి ద్వారా అంటేదే, పెద్దవాళ్లకు వస్తే తేలికగా పోయేది కాదు, సోకిన పది నుంచి ఇరవై ఒక్క రోజుల దాకా బయటపడదు. ఓడలో ఇరవై రెండు మంది. చిన్నప్పుడు వచ్చిపోయినవాళ్లెవరో లెక్క తీస్తే పద్నాలుగు మంది తేలారు. సేవకు వారిలోంచే ఇద్దరిని పెట్టమని డాక్టరు గారు ఫోనులో చెప్పారు. కుర్రవాడు తన కాళ్ల మీద తాను నడవగలుగుతున్నాడు, శ్వాసకు ఇబ్బంది లేదు, ఒడ్డుకు దించవలసిన పని లేదని తేలింది. కాబట్టి 19 కిలోల గుడారం, దాని రెండు ఫ్యాన్లు, రెండు బ్యాటరీలు, ఊడివచ్చే పట్టీ, అన్నీ సంచిలోనే ఉండిపోయాయి. వెళ్లింది రెండో సంచి.

ఏసీ రంధ్రం ఎట్లా మూయాలో, పొగ ఎటు పోవాలో సెకండ్ ఆఫీసరుకు చీఫ్ గారు ఫోనులో చెబుతుండగా, వెనకనుంచి ఆ కుర్రవాడి గొంతు తెలుగులో వినిపించింది. శ్రీకాకుళం వైపు పిల్లవాడు. వాళ్లమ్మ ఇంటి దగ్గరనుంచి ఫోను చేసి అడిగిందట, గుమ్మానికి వేపాకు కట్టారా అని. చీఫ్ గారు ఫోను చేత్తో మూసి నావైపు చూశారు. ఏజెంటు లాంచీ రేవు దగ్గర సిద్ధంగా ఉంది. గోదాము వెనకాల చెట్టుకు నిచ్చెన వేయించి రెండు మండలు విరిపించాను, పురుగు లేకుండా చూసి, నీళ్లతో కడిగి, ఫిల్టరు పెట్టె మీద పెట్టి తాడుతో కట్టాను. సాయంత్రం సెకండ్ ఆఫీసరు ఫొటో పంపాడు: కేబిన్ తలుపుకు మా సూచనల అట్ట, దాని పైన వేపమండ, కింద ఉక్కు గడప.